థర్మామీటర్ 99.4 చూపించిన రాత్రి

మా పాపకి కీమో మొదలై ఆ రోజుకి 19 రోజులు. రాత్రి ఒంటి గంట దాటాక నిద్రలోంచి లేచి "నాన్నా, చలేస్తోంది" అంది. దుప్పటి కప్పాను. ఇంకోటి కావాలంది. అదీ కప్పి, చంకలో థర్మామీటర్ పెట్టాను. 99.4. హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన కార్డు మీద 100.4 దాటితే వెంటనే రమ్మని రాసి ఉంది. ఇంకా ఒక డిగ్రీ తక్కువే ఉంది కదా, చూద్దాం అనుకున్నాను.

అలా చూస్తూ కూర్చున్న యాభై నిమిషాల గురించి ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఇలాంటి బిడ్డ ఉన్న అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదివితే, నాకు ఆ రాత్రి తెలియని విషయాలు వాళ్ళకి ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

పాపకి అప్పుడు ఆరేళ్ళు. జబ్బు పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఏఎల్ఎల్ అంటారు. పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామంది పిల్లలకి పూర్తిగా నయమవుతుంది కూడా. మొదటి రోజు డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకు అలాగే గుర్తున్నాయి. "జబ్బుకి మందులు ఉన్నాయండీ, అవి బాగా పనిచేస్తాయి. ఈ మొదటి నెలలో నా భయమంతా ఇన్ఫెక్షన్ గురించే." ఆ రోజు మా చెవిలో క్యాన్సర్ అనే మాట తప్ప ఇంకేమీ దూరలేదు. రెండో వాక్యం అర్థం కావడానికి 19 రోజులు పట్టింది.

మొదటి దశని ఇండక్షన్ అంటారు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, రోజూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, మధ్యలో అస్పారజినేస్, వెన్నులోకి మెథోట్రెక్సేట్. అప్పటికే ఎముక మూలుగ నిండా క్యాన్సర్ కణాలు ఉండి మంచి కణాలకి చోటు లేదు. పైనుంచి కీమో. అది క్యాన్సర్ కణాలతో పాటు మిగిలిన కొద్ది మంచి కణాలనీ తుడిచేస్తుంది. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి బ్యాక్టీరియా మీదకి ముందు పరిగెత్తే కణాలు. అవి ఎక్కువ కాలం బతకవు, మూలుగ రోజూ కొత్తవి చేస్తూనే ఉండాలి. చేసేది ఆగిపోతే కొన్ని రోజుల్లోనే ఖాళీ అయిపోతాయి.

వార్డులో అమ్మానాన్నలందరికీ నోటికి వచ్చే మాట ఏఎన్‌సీ. "ఈ రోజు మీ బాబు ఏఎన్‌సీ ఎంత?" అని పలకరించుకుంటాం. మొత్తం తెల్లకణాల సంఖ్యని న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి, వందతో భాగిస్తే వచ్చేదే అది. 1,500 పైన ఉంటే ఫర్వాలేదు. 500 కంటే తగ్గితే ప్రమాదం. 100 కంటే తగ్గితే ఒంట్లో కాపలా లేనట్టే. 18వ రోజు మా పాపది 30.

ఆ రోజు సాయంత్రమే ఇంటికి వచ్చాం. రెండు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. పాప నీరసంగా ఉంది, కానీ స్టెరాయిడ్ మొదలైనప్పటి నుంచీ చిరాకు, ఏడుపు, నీరసం అన్నీ ఉన్నవే. మూడు రోజులుగా విరేచనం కాలేదు. పొట్ట నొప్పి అంటోంది. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికని మందగింపజేస్తుందని చెప్పారు కాబట్టి, మందు వల్లే కదా అని మేం దాన్ని ప్రత్యేకంగా ఎవరికీ చెప్పలేదు. అది మేం చేసిన మొదటి పొరపాటు.

రెండోది ఆ రాత్రి 99.4ని నమ్మడం.

డెక్సామెథసోన్ జ్వరాన్ని అణిచేస్తుంది. ఇండక్షన్‌లో ఉన్న పిల్లలకి ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకినా థర్మామీటర్‌లో కనపడకపోవచ్చు. చంకలో పెట్టి చూసే జ్వరం అసలు లోపల ఉన్నదాని కంటే తక్కువే చూపిస్తుంది. ఈ రెండూ నాకు తర్వాత చెప్పారు. నిజానికి కార్డు మీద కింద చిన్న అక్షరాల్లో "జ్వరం లేకపోయినా వణుకు, మగత, చేతులు కాళ్ళు చల్లబడటం ఉంటే ఫోన్ చేయండి" అని కూడా ఉంది. నా కళ్ళు ఆ పెద్ద అంకె దగ్గరే ఆగిపోయాయి.

పదిహేను నిమిషాలకోసారి జ్వరం చూశాను. 99.4, 99.6, 99.2. తగ్గుతోంది అనుకున్నాను. మా ఆవిడ పాప పాదాలు పట్టుకుని కూర్చుంది. "పాదాలు ఐసులా ఉన్నాయండీ, నుదురేమో వేడిగా ఉంది, ఇదేదో తేడాగా ఉంది" అంది. మా అత్తగారు పక్క గదిలోంచి వచ్చి "ఒక మూత పారాసిటమాల్ సిరప్ పోసి పడుకోబెట్టండి, పొద్దున్నే తీసుకెళ్దాం" అన్నారు. ఆవిడ ప్రేమకొద్దీ అన్నారు, ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు అనే మాటే అది. "వద్దమ్మా, డాక్టర్ గారు అడక్కుండా వేయొద్దన్నారు. ఉన్న జ్వరం కూడా కనపడకుండా పోతుంది" అని మా ఆవిడ సీసా పక్కన పెట్టేసింది. నేనింకా తటపటాయిస్తూనే ఉన్నాను. అర్ధరాత్రి, ఇంత చిన్న జ్వరానికి ఫోన్ చేస్తే ఏమంటారో అని.

రెండు గంటలకి మా ఆవిడే వార్డుకి ఫోన్ చేసింది. ఎత్తిన సిస్టర్ జ్వరం ఎంత అని ముందు అడగలేదు. "పాప మాట్లాడుతోందా? మూత్రం ఆఖరిసారి ఎప్పుడు పోసింది? చేతులు కాళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. మూత్రం సాయంత్రం ఏడింటికి పోసింది. "బొటనవేలి గోరు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడ్డాక ఎర్రదనం రావడానికి ఎంత సేపు పడుతుందో లెక్కపెట్టండి" అన్నారు. నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాటినా గోరు పాలిపోయే ఉంది. నా గోరు నొక్కి చూసుకున్నాను, ఒకటి అనేలోపే ఎర్రబడింది. "వెంటనే బయల్దేరండి. నేను డ్యూటీ డాక్టర్‌కి చెప్పి ఉంచుతాను" అన్నారు.

రెండున్నర దాటాక చేరాం. ఎమర్జెన్సీలో ముందున్న అబ్బాయి జ్వరం చూసి 99 అని రాసుకుని, కూర్చోండి పిలుస్తాం అన్నాడు. తప్పు అతనిదని నేను అనను. అతని కళ్ళకి ఒడిలో పడుకున్న పాప కనపడింది, ఏఎన్‌సీ 30 కనపడలేదు. మా ఆవిడ కార్డు తీసి అతని చేతిలో పెట్టి "కీమోలో ఉన్న పాప, కౌంట్స్ లేవు, వార్డు సిస్టర్ చెప్పి ఉంచారు" అని గట్టిగా చెప్పింది. అప్పుడు లోపలికి తీసుకెళ్ళారు. ఆ కార్డు లేకపోతే ఇంకెంత సేపు కూర్చునేవాళ్ళమో. మొహమాటపడకుండా పిల్లల తరఫున గొంతు ఎత్తాల్సిన చోటు అది.

లోపల అంతా వేగంగా జరిగింది. గుండె నిమిషానికి 172 సార్లు కొట్టుకుంటోంది. బీపీ 92/48. నేను హమ్మయ్య, బీపీ బాగానే ఉంది అనుకున్నాను. పిల్లల్లో బీపీ చివర్లో పడుతుందట. అప్పటిదాకా గుండె వేగం పెంచుకుని, చేతులు కాళ్ళకి రక్తం తగ్గించుకుని, శరీరం ఎలాగోలా నెట్టుకొస్తుంది. అందుకే చల్లటి పాదాలూ, ఆలస్యంగా ఎర్రబడే గోరూ బీపీ కంటే ముందే చెప్పేస్తాయి.

పాప చేతిలో పిక్ లైన్ ఉంది. మోచేయి పైన మొదలై గుండె దగ్గర పెద్ద రక్తనాళం దాకా వెళ్ళే సన్నటి గొట్టం, దానికి బయట రెండు మూతులు. ఆ రెండింటిలోంచి వేర్వేరుగా, ఇంకో చేతి నరం నుంచి విడిగా, రక్తం తీసి కల్చర్ సీసాల్లో (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే సీసాలు) పోశారు. యాంటీబయాటిక్ ఎక్కించే ముందే కల్చర్ తీయాలి, మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. కానీ కల్చర్ రిపోర్ట్ కోసం మందు ఆపరు. హాస్పిటల్ గడప దాటిన గంటలోపు మొదటి డోసు లోపలికి వెళ్ళాలన్నది వాళ్ళ లెక్క. మూడూ పదికి పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, దాంతో పాటు అమికాసిన్ మొదలుపెట్టారు. గోడ గడియారం చూసి నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మా పాప ఆ మాటలు అన్నది ఒంటిగంటా పదికి. సరిగ్గా రెండు గంటలు.

మందు ఎక్కుతుండగానే పాపకి పళ్ళు టకటకలాడేంత వణుకు వచ్చింది. అప్పుడు జ్వరం 103 దాటింది. బీపీ 74/30కి పడిపోయింది. "సెప్టిక్ షాక్" అనే మాట అప్పుడే విన్నాను, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి బీపీ పడిపోవడం. సిస్టర్ పెద్ద సిరంజితో సెలైన్ లోపలికి నెడుతున్నారు. పాప బరువు 19 కిలోలు, కిలోకి 10 మిల్లీలీటర్ల లెక్కన 190. అది అయ్యాక ఇంకో 190. రెండోసారి తర్వాత కూడా బీపీ నిలబడలేదు. బీపీని నిలబెట్టే అడ్రినలిన్ డ్రిప్ పెట్టి ఐసీయూకి మార్చారు. అక్కడే యాంటీబయాటిక్‌ని మెరోపెనెమ్‌కి మార్చారు. హైడ్రోకార్టిసోన్ కూడా ఇచ్చారు. ఇన్ని రోజులుగా బయటి నుంచి స్టెరాయిడ్ వేస్తుంటే ఒళ్ళు తన సొంత స్టెరాయిడ్ తయారుచేసుకోవడం తగ్గించేస్తుందట, ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు అది చాలదట.

ఐసీయూ తలుపు మూసుకున్నాక బయట మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు ఒకటే ఆలోచన. రెండు రోజుల ముందు స్నానం చేయించేటప్పుడు పిక్ లైన్ మీద అంటించిన ప్లాస్టర్ ఒక అంచున లేచింది. తుడిచి అదిమి పెట్టాను. హాస్పిటల్లో మార్పించాల్సింది, మర్నాడు వెళ్తున్నాం కదా అని ఊరుకున్నాను. ఆ సందులోంచే క్రిమి లోపలికి వెళ్ళిందని నాకు ఖాయమైపోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి మైక్రోబయాలజీ నుంచి ఫోన్ వచ్చింది. కల్చర్ సీసాలని ఒక మెషీన్‌లో ఒంటి వేడిలో ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మెషీన్ దాన్ని పసిగట్టి మోగుతుంది. అయిదు రోజుల దాకా చూస్తారు. మా పాప సీసాలు 11 గంటల్లోనే మోగాయి. అంత త్వరగా మోగిందంటే రక్తంలో అంత ఎక్కువ ఉందన్నమాట. సీసాలోని చుక్కని గాజు పలక మీద రాసి రంగు వేసి చూస్తే గ్రామ్ నెగటివ్ అని తేలింది.

ఆ ఐసీయూ బయట కూర్చుని ఆ మాట గురించి చదివాను. 1884లో డెన్మార్క్‌కి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డాక్టర్ కనిపెట్టిన రంగు పద్ధతి అది. ఊదా రంగుని పట్టి ఉంచుకునేవి గ్రామ్ పాజిటివ్, దాన్ని వదిలేసి తర్వాత వేసిన గులాబీ రంగు పట్టుకునేవి గ్రామ్ నెగటివ్. నూట నలభై ఏళ్ళ నాటి పద్ధతి, ఈ రోజుకీ మొదటి కబురు దాంతోనే తెలుస్తుంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పై పొరలో ఎండోటాక్సిన్ అనే పదార్థం ఉంటుంది. బీపీని అలా కిందకి లాగేది ముఖ్యంగా అదే. అప్పుడే ఇంకో పాత పరిశోధన గురించి కూడా చదివాను. 1966లో జెరాల్డ్ బోడీ, ఆయనతో పనిచేసినవాళ్ళు లుకేమియా రోగుల రక్తపరీక్షలు చూసి, న్యూట్రోఫిల్స్ ఎంత తక్కువగా ఉంటే, అలా ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే, ఇన్ఫెక్షన్ ప్రమాదం అంత పెరుగుతుందని చూపించారు. ఆ నాలుగు ముక్కలు అర్థమయ్యాక, కౌంట్స్ రిపోర్ట్‌ని నేను చూసే తీరే మారిపోయింది. ఈ రోజు ఎంత అని ఒక్కటే చూసేవాణ్ణి, అప్పటి నుంచి ఎన్ని రోజులుగా అలా ఉందో కూడా చూడటం మొదలుపెట్టాను.

మర్నాడు పేరు తెలిసింది. ఈ. కోలి. ఆ మర్నాడు ఏ మందుకి లొంగుతుందో తెలిసింది. ఈఎస్‌బీఎల్ రకం, అంటే చాలా యాంటీబయాటిక్స్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసేది. మొదట ఇచ్చిన పిపెరాసిలిన్ మీద ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటే కష్టమయ్యేది. మెరోపెనెమ్‌కి లొంగుతోంది. రిపోర్ట్ రాకముందే, షాక్ చూసి ఆ రాత్రే మందు మార్చిన డ్యూటీ డాక్టర్‌కి నేను ఏమిచ్చి రుణం తీర్చుకోగలను?

ఆ రోజే నేను ప్లాస్టర్ సంగతి బయటపెట్టాను. రౌండ్స్‌కి వచ్చిన మా డాక్టర్ గారిని పక్కకి పిలిచి, "తప్పు నాదేనండీ, లైన్ దగ్గర ప్లాస్టర్ లేచింది, నేను చెప్పలేదు" అన్నాను. మాట పూర్తి చేయలేకపోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఫోన్‌లో ల్యాబ్ రిపోర్ట్ తీసి రెండు అంకెలు చూపించారు. లైన్‌లోంచి తీసిన సీసా 10 గంటల 50 నిమిషాలకి మోగింది. చేతి నరం నుంచి తీసింది 11 గంటల 5 నిమిషాలకి. "ఇన్ఫెక్షన్ లైన్‌లో మొదలైతే లైన్ సీసా కనీసం రెండు గంటలు ముందు మోగాలి. ఇక్కడ తేడా పదిహేను నిమిషాలే. పైగా ఈ. కోలి ఉండేది పేగుల్లో. కీమోకి నోరు పూసినట్టే పేగు లోపలి పొర కూడా దెబ్బతింటుంది. రోజూ మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియానే ఆ పొర దాటి రక్తంలోకి వస్తుంది. ఆపడానికి న్యూట్రోఫిల్స్ లేవు. ఇది బయటి నుంచి మీరు తెచ్చింది కాదు, పాప ఒంట్లోనే ఉన్నది" అన్నారు.

నేను చాలాసేపు ఏడ్చాను. ఇల్లంతా మందు నీళ్ళతో తుడిచాం, చుట్టాలెవర్నీ రానివ్వలేదు, బొమ్మలు కడిగాం. అవన్నీ చేయాల్సినవే, ఇప్పటికీ చేస్తాం. కానీ అన్నీ చేసినా ఇన్ఫెక్షన్ రావచ్చు. అలా వస్తే ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు తప్పుపట్టుకోకూడదు. వార్డులో ఒక అమ్మ, పక్కింటి పిల్లవాడు వచ్చి ఆడుకున్నాడని, అందుకే తన కొడుక్కి సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ఇన్ఫెక్షన్) వచ్చిందని రోజూ కుమిలిపోయేది. ఆ బాబుకి అధిక మోతాదు సైటరాబిన్ అనే కీమో మందు తర్వాత నోరంతా పూసింది. రక్తంలో దొరికింది నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్. డాక్టర్ గారు నాకు చెప్పిన మాటే ఆవిడకి చెప్పాను.

మలబద్ధకం గురించి కూడా ఆయన్ని అడిగాను. "అదే కారణమని చెప్పలేం. కానీ కౌంట్స్ లేనప్పుడు మూడు రోజులు విరేచనం కాకపోతే, పొట్ట నొప్పి ఉంటే మాకు చెప్పాల్సిందే. పేగుకి ఇన్ఫెక్షన్ వచ్చిందేమో చూడాలి" అన్నారు. పొట్ట స్కాన్ చేయించారు, పేగు గోడ కొంచెం వాచి ఉంది కానీ ఆపరేషన్ దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత నుంచి విన్‌క్రిస్టిన్ పడిన ప్రతిసారీ విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇస్తున్నాం. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు: ఈ పిల్లలకి మలద్వారంలో థర్మామీటర్ పెట్టకూడదు, ఎనీమా ఇవ్వకూడదు, అక్కడ పెట్టే మాత్రలు వాడకూడదు. అక్కడ చిన్న గీత పడినా బ్యాక్టీరియాకి దారి దొరుకుతుంది.

ఐసీయూలో నాలుగు రోజులు ఉంది. రెండో రోజు అడ్రినలిన్ తగ్గించడం మొదలుపెట్టారు. మూడో రోజు పాప కళ్ళు తెరిచి "నా క్రేయాన్స్ తెచ్చారా?" అని అడిగింది. ప్రతి రోజూ మళ్ళీ కల్చర్ తీశారు. మూడో రోజు తీసింది ఖాళీగా వచ్చింది. లైన్ వల్ల కాదని తేలింది, బ్యాక్టీరియా కూడా పోయింది కాబట్టి పిక్ లైన్ తీయలేదు. బ్యాక్టీరియాని బట్టి కొందరికి తీసేస్తారు. ప్లేట్‌లెట్స్ 14,000కి పడితే ఎక్కించారు. అమికాసిన్ కొద్ది డోసులే ఇచ్చినా తర్వాత చెవి పరీక్ష చేయించారు, ఆ మందు వినికిడినీ కిడ్నీలనీ దెబ్బతీయగలదు కాబట్టి. బాగానే ఉంది.

ఆ తర్వాతిదంతా ఎదురుచూపే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది కానీ, కోటకి కాపలా రావాలంటే మూలుగ మళ్ళీ పని మొదలుపెట్టాలి. ఏఎన్‌సీ 20. 40. 30. 60. పొద్దున్నే రిపోర్ట్ కోసం కారిడార్‌లో నిలబడేవాణ్ణి. ఒక రోజు డాక్టర్ గారు కాగితం చూసి నవ్వారు. న్యూట్రోఫిల్స్ ఇంకా 60 దగ్గరే ఉన్నాయి కదా అన్నాను. "మోనోసైట్స్ చూడండి, అవీ తెల్లకణాలే, పెరిగాయి. అవి ముందు వస్తాయి, వెనకాల న్యూట్రోఫిల్స్ వస్తాయి" అన్నారు. రెండు రోజులకి 110, తర్వాత 280, తర్వాత 620. మెరోపెనెమ్ మొత్తం 14 రోజులు.

ఈలోపు కీమో ఆపేశారు. అది మా ఇద్దరికీ వేరే టెన్షన్. మందు ఆపితే క్యాన్సర్ మళ్ళీ పెరుగుతుందేమో అని. ధైర్యం చేసి అడిగాను. "క్యాన్సర్‌కి వారం ఆగొచ్చు. సెప్సిస్‌కి గంట కూడా ఆగకూడదు" అన్నారు. ఇండక్షన్ చివర్లో మూలుగ పరీక్ష చేసినప్పుడు మిగిలిన జబ్బు 0.01 శాతం కంటే తక్కువ అని వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

ఇంటికి వచ్చేముందు నేను ఒక ప్రశ్న వేశాను. మళ్ళీ ఇలా రాకుండా ముందే యాంటీబయాటిక్ ఇవ్వకూడదా అని. లెవోఫ్లాక్సాసిన్ గురించి చదివాను. 2018లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో లుకేమియా పిల్లలకి కౌంట్స్ పడిపోయే రోజుల్లో ఆ మందు ఇస్తే రక్తంలో బ్యాక్టీరియా చేరడం 43 శాతం నుంచి 22 శాతానికి తగ్గింది. డాక్టర్ గారు ఆ ప్రశ్నని చిన్నచూపు చూడలేదు. పాప రిపోర్ట్ తీసి, మా పాపకి వచ్చిన ఈ. కోలి లెవోఫ్లాక్సాసిన్‌కి లొంగదని ఉన్న గడి చూపించారు. "కొందరికి ఇస్తాం. మీ పాప పేగుల్లో ఉన్నదానికి ఇది పనిచేయదు, పైగా మిగిలినవి కూడా మొండికేసేలా తయారవుతాయి. మనకి త్వరగా రావడమే మందు" అన్నారు. న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ మాత్రం కొనసాగించారు. అది వేరే పనికి.

అప్పటి నుంచి తలుపు పక్కన ఒక సంచి ఉంటుంది. అందులో ఫైలు, కార్డు, రెండు జతల బట్టలు, ఛార్జర్, పాప క్రేయాన్స్. ఫైలు పైన పెద్ద అక్షరాలతో మా ఆవిడ రాసింది: "కీమోలో ఉన్న పాప. పాత కల్చర్: ఈఎస్‌బీఎల్ ఈ. కోలి. పనిచేసింది: మెరోపెనెమ్." రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టర్‌కి ఈ మూడు ముక్కలు చాలు, మొదటి సీసాలోనే సరైన మందు పెట్టడానికి.

ఎనిమిది నెలల తర్వాత ఆ సంచి పనికొచ్చింది. ఇంకో గట్టి కీమో దశలో, ఏఎన్‌సీ 180 ఉన్నప్పుడు, సాయంత్రం జ్వరం 100.9. ఎవరం ఏమీ చర్చించుకోలేదు. నేను సంచి తీసుకున్నాను, మా ఆవిడ ఫోన్ చేస్తూ చెప్పులు వేసుకుంది, మా అత్తగారు పాపని ఎత్తుకుని అప్పటికే గుమ్మంలో ఉన్నారు. చేరిన 35 నిమిషాల్లో మెరోపెనెమ్ ఎక్కింది. అయిదు రోజులు కల్చర్ సీసాలు మోగలేదు. వైరల్ అయి ఉండొచ్చన్నారు. ఉత్తపుణ్యానికి అన్ని రోజులు హాస్పిటల్లో ఉన్నామని మాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఇప్పుడు పాప మెయింటెనెన్స్ దశలో ఉంది. రోజూ మాత్రలు, నెలనెలా రక్తపరీక్ష. జుట్టు వచ్చింది. మొన్న స్నానం చేసి తడి తలతో వచ్చి "నాన్నా, చలేస్తోంది" అంది. ఆ మాట వింటే నా గుండె ఇప్పటికీ ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. పాదాలు పట్టుకుని చూశాను, వెచ్చగానే ఉన్నాయి. నేను చేయి చాపేలోపే తను నవ్వి, తన బొటనవేలి గోరు తనే నొక్కి వదిలి, "ఒక..." అంది. ఒకటి అనడం పూర్తి కాకముందే గోరు ఎర్రబడింది.